నడిమి గోడ

సిద్దిపేటలో కోమటిచెరువు గాలి సోకునంత దూరమున ఒక జంట యిల్లు ఉన్నది. జంట యిల్లనగా నిజమునకు రెండిండ్లు. కాని వీధిలో నిలిచి చూచువారికి ఒకటిగానే కనిపించును. ఒకే కప్పు, ఒకే వరుస గూనపెంకలు, ముందర ఒకే పొడుగుపాటి అరుగు. అరుగు నడుమ అరచేయి వెడల్పున ఒక గచ్చుగీత గీసియున్నది. గీతకు తూర్పున ఒక దర్వాజ, పడమర మరియొక దర్వాజ. లోపల ఆ గీతకు సరిగా రెండడుగుల పైచిలుకు మందముగల మట్టిగోడ ఒకటి అరుగునుండి పెరటివరకు సాగిపోయినది. ఇరుప్రక్కల యిండ్ల దూలములును ఆ గోడమీదనే ఆనియున్నవి. కట్టిననాడది ఊరి వెలుపలి యిల్లట. చీకటిపడిన తరువాత అటు పోవుటకు పిల్లలు జంకెడివారట. నేడు దానిచుట్టు నాలుగంతస్తుల మేడలు లేచినవి. ఊరు వచ్చి ఇంటిని చుట్టుముట్టినది గాని ఇల్లు మాత్రము జరుగలేదు.

పడమటి సగములో మా పెద్దమ్మ యున్నది. తూర్పు సగము ఆమె పెనిమిటికి పినతండ్రి వరుసవారిది. వారి సంతతి హైదరాబాదులో స్థిరపడి చాల కాలమైనది. గత వేసవిలో వారు తమ సగమును అమ్మదలచిరి. కొనువాడు దొరకెను. అతడు పెంకుటిల్లు కొనుట దానిలో కాపురముండుటకు కాదు, పడగొట్టి మేడ వేయుటకు. అతని వెంట వచ్చిన ఇంజనీరు టేపు పట్టి నేల కొలుచుచు, నడిమి గోడ దగ్గర ఆగి, "ఈ గోడ ఎవరిది?" అని అడిగెను. "మాదే" అనిరి తూర్పువారు. "మాది గూడ" అనెను పెద్దమ్మ. ఇంజనీరు టేపు చుట్టి జేబులో వేసికొనెను.

ఆ ప్రశ్నకు జవాబు కాగితములలో నుండునని అందరమును నమ్మితిమి. పెద్దమ్మ మంచము క్రింది రేకుపెట్టె తీయించినది. చదువుకొన్నవాడనని నన్ను పిలిపించినది. ఇల్లు కొన్ననాటి కాగితమేదో, పన్ను రశీదేదో తప్ప ఇంటికొక జాతకము వంటిది వేరే యుండునని నేనంతకు పూర్వ మెరుగను. ఈ నాలుగు నెలలలో నేను నేర్చుకొన్నది పాఠకులలో జంట యిండ్లు గలవారికి, వంతు యిండ్లు గలవారికి కొంత యక్కరకు వచ్చునని తోచి వ్రాయుచున్నాను.

పెట్టెలో అన్నిటికంటె అడుగున నున్నది బైనామా. నిజాము నాటి స్టాంపు కాగితముమీద ఉర్దూలో వ్రాసిన విక్రయపత్రమది. మడతలకాడ పిగిలి, వెనుక గుడ్డ అంటించి యుండెను. పదవీవిరమణ చేసిన ఉర్దూ ఉపాధ్యాయు లొకరు మా మాట మన్నించి వచ్చి, కండ్లజోడు సవరించుకొని చదివిరి. మొదట అమ్మినవారి పేరు, తండ్రి పేరు, కులము, వృత్తి, నివాసము. పిమ్మట కొన్నవారివి అదే వరుసను. ఆ పిమ్మట వెల. వెల వ్రాసిన తీరు నన్నాశ్చర్యపరచెను. అంకెలలో గాక రఖము లనబడు సంకేతలిపిలో వ్రాసి, మరల మాటలలో వ్రాసి, అంతటితో నమ్మక "దీని సగము ఇంత" అని నిస్ఫును గూడ వ్రాసిరి. మూడువందలని వ్రాసి ప్రక్కనే దానిలో సగము నూటయేబది యని వ్రాసినచో, పిదప ఎవడైన మూడును ఎనిమిదిగా దిద్దదలచినను సగము పట్టియిచ్చును. ఎంత తెలివి! ఈనాటి మన కంప్యూటరు దస్తావేజులలో ఇటువంటి కాపలా ఉన్నట్లు నాకు కనబడలేదు.

వెల సిక్కా ఉస్మానియాలో నున్నది. హాలీ రూపాయలు ఏడయినచో కలదారు రూపాయలు ఆరు. తేదీ ఫస్లీలో నున్నది. హైదరాబాదు రాజ్యపు ఫస్లీ సంవత్సరమునకు 590 గాని, నెలనుబట్టి 591 గాని కలిపినచో క్రీస్తుశకము వచ్చును. పోలీసు చర్య జరిగిన 1948 సెప్టెంబరు ఫస్లీ 1357 చివరినెలలలోనిది అని గుర్తుంచుకొన్నచో తక్కిన లెక్క సులభము. పాత కాగితము లింట నున్నవారు ఈ ఒక్క గుర్తు మరువరాదు. ఫస్లీని క్రీస్తుశకమనుకొని తికమకపడినవారిని నేనెరుగుదును. దస్తావేజు తమ ముత్తాతకంటె ఆరువందల యేండ్లు పాతదని ఒకరు నాతో గర్వముగా చెప్పిరి.

ఇక హద్దులు. ఉర్దూలో హదూదె అర్బా అందురు, నాలుగు హద్దులు. మన తెలుగు దస్తావేజులలో చెక్కుబంది. ఉపాధ్యాయులవారు ఇచ్చట మెల్లగా చదివిరి, మేమును మెల్లగా వింటిమి. ఉత్తరమున సర్కారు బాట. దక్షిణమున ఫలానావారి పెరడు, అందులో చింతచెట్టు. తూర్పున సాలెవారి మగ్గపు కొట్టము. పడమర ఖాళీజాగా, అందు గాడిబావికి పోవు కాలిబాట. ఇంటి గదులెన్నో లేదు, కప్పేదో లేదు, గోడలు మట్టివో రాతివో లేదు. ఇల్లు ఎట్లున్నదో కాగితము చెప్పదు. ఇంటి చుట్టు ఎవరున్నారో చెప్పును. చిత్రకారుడు మనిషి బొమ్మ వేయక, వాని చుట్టునున్నవారి బొమ్మలు వేసి, నడుమ మిగిలిన ఖాళీయే వాడని చూపినట్లున్నది.

ఇది నిజాముకాలపు వింత గాదు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టపు 21వ సెక్షను చెప్పునదియు నిదియే. పట్టణములలోని యిండ్లను ఏ వీధికి ఏ దిక్కున నున్నవో, అందు ఇప్పుడెవరున్నారో, ఇదివరకెవరుండిరో వ్రాసి గుర్తింపవలెనట. ఇంటినంబరులున్నచో అవియును. ఇదివరకెవరుండిరో యన్నమాట నాకు చాల నచ్చినది. చట్టము గూడ ఇంటిని దానిలో కాపురమున్నవారి వల్లనే గుర్తుపట్టుచున్నది.

చిక్కేమన, హద్దులుగా నిలిచినవారెవరును నిలువలేదు. మగ్గపు కొట్టము పోయి ఎన్నియో యేండ్లయినది. సిద్దిపేట గొల్లభామ చీరకు భౌగోళిక గుర్తింపు వచ్చినది గాని, దానిని నేసిన కొట్టములలో చాలవరకు కాగితములలోనే మిగిలినవి. చింతచెట్టు లేదు. గాడిబావి పూడ్చి పైన దుకాణములు కట్టిరి. నాలుగు హద్దులలో మిగిలినది సర్కారు బాట ఒక్కటే. అదియును అప్పటికంటె వెడల్పయినది. అయినను ఆ కాగితము చెల్లును. ఏలయన హద్దులలోని పేర్లు చనిపోయినను, వారి తరువాతివారెవరో, ఆ తరువాతివారెవరో తెలిసిన మనుషులున్నంత వరకు దానికి ప్రాణముండును. పెద్దమ్మ ఆ పేర్లు వినుచు ఒక్కొక్కటికి తల యూచి, "వాళ్ళ కోడలే బిడ్డా, ఇప్పుడు మెడికల్ షాపు పెట్టుకున్నోళ్ళ నాయనమ్మ" అని గొలుసు కలుపుచు వచ్చెను. ఆ గొలుసే లేనిచో ఉపాధ్యాయులవారి చదువును, నా చదువును ఎందుకు?

సాక్ష్యచట్టములో దీనికి సంబంధించిన ముచ్చట యొకటి కలదు. ముప్పదియేండ్లు దాటిన దస్తావేజు ఉండవలసిన చోటునుండి వచ్చినచో, అందలి సంతకములను సాక్షులచే నిరూపింపనక్కరలేకయే న్యాయస్థానము నమ్మవచ్చును. 1872 నాటి చట్టములోని ఈ నియమము 2024 జులై 1 నుండి అమలైన కొత్త సాక్ష్యచట్టములోను నిలిచినది. ఉండవలసిన చోటు అనగా ఇంటివారి పెట్టె. అందుచేత రేకుపెట్టెను పాతసామాను వానికి వేయుటకు ముందు దాని యడుగు చూచుకొనుడు.

బైనామాకు పైన ఇంకొక కాగితమున్నది. స్టాంపు లేదు, ముద్ర లేదు. తెలుగులో, వంకర గీతలతో, నీలిసిరాతో వ్రాసిన పంపకపు చీటి. అన్నకు పడమటి సగము, తమ్మునికి తూర్పు సగము. మడిచెక్కలు, ఎడ్లు, గంగాళములు, చివరకు రోకలి గూడ ఎవరికేదో వ్రాసిరి. అన్న వంతునకు హద్దులు చెప్పుచు "తూర్పు: తమ్ముని యిల్లు" అని వ్రాసిరి. తమ్ముని వంతునకు "పడమర: అన్న యిల్లు" అని వ్రాసిరి. రోకలికి గూడ చోటు దొరకిన చీటిలో ఇల్లంత పొడవుగల గోడకు చోటు దొరకలేదు!

ఎందుచేత? పెద్దమ్మ నడిగితిని.

"గోడ నాదా నీదా అని మా అత్త ఎన్నడడుగలే. అటు దిక్కు వాళ్ళు సున్నమేసుకునేది, ఇటు దిక్కు మేమేసుకునేది. వానకు కూలిన ఏడు మా మామ, చిన్నమామ కలిసి మట్టి తొక్కిన్రు. అంతే."

పంపకము వ్రాసినవారి తప్పేమియును లేదు. ఆనాడు గోడ వారికి హద్దు కాదు. రెండు వంతులును ఒకే చూరు క్రింద నుండి, ఒకే కుండలోని చల్ల త్రాగుచుండగా, గోడ యిల్లు నిలువబెట్టు ఒక సామాను మాత్రమే. అన్నదమ్ములు పోయి, వారి బిడ్డలు దూరమై, తూర్పు సగమునకు వెల పలికిన నాడది హద్దయినది. అప్పటికి దానిని గురించి చెప్పవలసిన నోళ్ళు మూతబడినవి.

ఇట్టి గోడను న్యాయస్థానములు సామాన్యముగా ఉభయుల ఉమ్మడి గోడగానే తలచును. వేరు సాక్ష్యము లేనియప్పుడు, రెండు కట్టడముల నడుమనుండి రెంటికిని ఆసరా యిచ్చు గోడలో ఇద్దరికిని హక్కున్నదనుట న్యాయము. ఎవరి ప్రక్కను వారు వాడుకొనవచ్చును. కాని ఒకరు దానిని పడగొట్టి రెండవవానికి హాని చేయరాదు. ఇది వినుటకు బాగుగనే యున్నది. అయితే మట్టిగోడకు న్యాయశాస్త్రము తెలియదు. తూర్పు దూలములు ఒక్కసారి పెరికిన తరువాత ఆ రంధ్రములలో తొలకరి నీరు దిగినచో గోడ ఎంతకాలము నిలుచును? గెలుపు కాగితము చేతికి వచ్చునాటికి పెద్దమ్మ కప్పు నేలమీద నుండును. ఇంజనీరు అడిగిన ప్రశ్నలో మా అందరి భయము నిదియే. ఆమెకు ఎనుబదియేండ్లు దాటినవి. వేరొకచోట నిద్రపట్టదు.

కాగితముల జాడ పట్టుటకు సబ్ రిజిస్ట్రారు కార్యాలయమునకు పోయితిమి. ఇచ్చట పాఠకులు ఒక సంగతి గ్రహింపవలెను. మన దేశమున రిజిస్ట్రేషను శాఖ నమోదు చేయునది దస్తావేజును. ఇంటి యజమాని యెవరో అది తేల్చి చెప్పదు. ఒకరు ఒకరికి అమ్మితినని వ్రాసి తెచ్చిన పత్రమును, రుసుము పుచ్చుకొని, తన మొదటి పుస్తకములోనికి ఎక్కించుకొనును. పేర్ల సూచిక యొకటి, ఆస్తుల సూచిక మరియొకటి ఉంచును. తగిన రుసుము చెల్లించిన వారెవరైనను ఆ పుస్తకమును చూడవచ్చును. అమ్మినవానికి అమ్ముటకు హక్కున్నదా లేదా యనునది కొనువాడు చూచుకొనవలెను. రాజ్యమే హక్కునకు పూచీపడు పద్ధతిని 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో టోరెన్సు అను నాయన చట్టముగా తెచ్చెను. అది చాల దేశములకు ప్రాకినది. మన పొరుగున ఆంధ్రప్రదేశములో అటువంటి ఆశయముతో 2023 అక్టోబరులో అమలునకు తెచ్చిన భూహక్కుల చట్టము మరుసటి యేట ఎన్నికలలో పెద్ద వివాదమై, కొత్త ప్రభుత్వముచే 2024లోనే రద్దయినది. హక్కునకు పూచీపడు చేయి ఎవరిదో తేలనిదే జనులు నమ్మరు గదా.

ఋణభార పత్రము, అనగా వాడుకలో ఈసీ, కోరితిమి. ఈ ప్రాంతములో కంప్యూటరులో దొరకు వివరములు 1983 జనవరి 1 నుండి మాత్రమే. రిజిస్ట్రేషను కార్యాలయములలో కంప్యూటరు పద్ధతిని ఆనాటి ఉమ్మడి రాష్ట్రములో 1998 నవంబరు 4న ప్రారంభించిరి. వెనుకటి సూచికలను కొంతదూరము వరకు ఎక్కించిరి. అంతకు ముందటిది కావలెనన్నచో గుమాస్తా సూచిక పుస్తకములు దింపి వెదుకవలెను. మా ఇంటికి వచ్చిన ఈసీలో ఒక్క వరుసయు లేదు. "నిల్" అని యున్నది. తూర్పువారు సంతోషించిరి. చిక్కులేవియును లేవనుకొనిరి. ప్రక్కనే కూర్చున్న దస్తావేజు లేఖరి నవ్వి, "నిల్ అంటే ఏం జరగలేదని కాదు సార్, ఈడికి రాలేదని" అనెను.

ఎంత నిజము! ఈసీ రిజిస్టరయిన వానిని మాత్రమే చూపును. మా పంపకపు చీటి రిజిస్టరు కాలేదు. నోటిమాటగా జరిగిన పంపకమునకు హిందూ ధర్మశాస్త్రములో విలువ గలదు. జరిగిపోయిన పంపకమును గుర్తు కొరకు వ్రాసికొన్న చీటికి రిజిస్ట్రేషను అక్కరలేదు. కాని ఆ చీటియే పంపకము చేయుచున్నట్లు వ్రాసియున్నచో అక్కర గలదు. "పంచుకొన్నాము" అని వ్రాసిరా, "పంచుకొనుచున్నాము" అని వ్రాసిరా యనుదానిపై ఇల్లు నిలిచియుండును. మా చీటిలో ఏమున్నదో చూచితిమి. "పంచుకొంటిమి" అని యున్నది. ఒక క్రియాపదము మమ్ము కాచినది. వ్యాకరణము చదువనివాడు వ్రాసిన చీటి!

లేఖరి అంతటితో విడువలేదు. తూర్పువారి నడిగెను. "ఆడబిడ్డలెందరు?"

"ఇద్దరు అత్తమ్మలు, ఒక చెల్లె. అందరికి పెండ్లిళ్ళయి పోయినరు."

"పోయినరు గని హక్కు పోలే."

ఇక్కడ ఒకమాట. ఉమ్మడి రాష్ట్రములో 1986లో వచ్చిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నుండి అమలగునట్లు, కుమార్తెలకు పుట్టుకతో పాలు నిచ్చినది. కాని ఆనాటికే పెండ్లియైనవారిని విడిచినది. 2005 కేంద్ర సవరణ ఆ భేదమును తీసివేసినది. తండ్రి ఆనాటికి బ్రతికియుండవలెనా యను సందేహమును 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్చి, అక్కరలేదని చెప్పినది. అందుచేత నేటి లేఖరి మొదటి ప్రశ్న ఆడబిడ్డల గురించియే. నేను పెట్టెలోని కాగితము లన్నియు మరల తిరుగవేసితిని. అమ్మినవారు, కొన్నవారు, సాక్షులు, హద్దులు, అందరును మగవారే. ఆ గోడకు ఏటేట సున్నము పూసిన చేతులలో ఒక్కటియు సంతకము పెట్టలేదు. తూర్పువారు ముగ్గురు స్త్రీలకును కబురుపెట్టిరి. ఒకరు కరీంనగరునుండి, ఒకరు బొంబాయినుండి రావలసి యుండెను. బేరము రెండు నెలలు వెనుకబడెను. కొనువాడు విసిగెను గాని విడువలేదు.

మున్సిపాలిటీ పన్ను రశీదుల కట్టయు చూచితిమి. వీని సంగతి కొంచెములో చెప్పుదును. పన్ను పుస్తకములో పేరుండుట హక్కునకు ఆధారము కాదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పినది. అయినను సామాన్యునికి ఇల్లు తనదనుటకు చేతనున్న కాగితమదియే. మాకు రశీదులలో పనికివచ్చినది ఇంటినంబరు. పూర్వము ఒకే నంబరుండెను. ఒకయేటినుండి తూర్పు సగమునకు అదే నంబరుపై గీతగీచి ఒకటి చేర్చిరి. పంపకము జరిగినదనుటకు ఊరు వ్రాసిన సాక్ష్యము ఆ చిన్న గీతయే.

పొలములకున్న యోగము ఇండ్లకు లేదు. తెలంగాణములో చెలకకైనను మడికైనను సర్వే నంబరు కలదు, సేత్వారు కలదు, 1954–55 నాటి ఖాస్రా పహాణీ కలదు. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చినను, దాని స్థానమున 2025 ఏప్రిలులో భూభారతి వచ్చినను, వానిమీద జనులు వాదులాడుకొన్నది ముఖ్యముగా సేద్యపు భూమిని గూర్చియే. ఊరి నడుమ ఆబాదీ, గ్రామకంఠమని ఒక్క పేరుతో పటములో ఒక్క మచ్చగా చూపి విడిచిన చోట, ఇల్లిల్లు వేరుగా కొలిచినవారు అరుదు. ఈ జిల్లాలోనే యేబది టీఎంసీల మల్లన్నసాగరము 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైనది. ఆ నీట మునిగిన గ్రామముల యిండ్లకు కొలతలు వ్రాసి వెలకట్టిరి. గోడకు వెల దొరకును. గోడ కావలివారి పలుకరింపునకు వెల వ్రాయు కాలము ఏ రిజిస్టరులోను లేదు.

మా ఇల్లు మాత్రము, అంగుళము కదలకయే, ఎన్ని చిరునామాలు మార్చినది! బైనామాలో సర్కారె ఆలీ రాజ్యము, మెదకు జిల్లా, సిద్దిపేట తాలూకా. 1956 నవంబరు 1 తరువాత ఆంధ్రప్రదేశము. 1985లో తాలూకా పోయి మండలము. 2014 జూన్ 2న తెలంగాణము. 2016 అక్టోబరు 11న సిద్దిపేటయే జిల్లా. కొత్త దస్తావేజులో ఇవన్నియు ఒకదాని వెంట నొకటి "పూర్వము ఫలానా, ప్రస్తుతము ఫలానా" అని వ్రాయనిదే పాత కాగితమునకు కొత్త కాగితము లంకె పడదు.

ఈ నడుమ ఇంగ్లండులో నుండు మిత్రునికి ఫోనులో ఈ గోడకథ చెప్పితిని. అతడు నవ్వి, తాను కాపురమున్న ఇల్లును జంట యిల్లేయని చెప్పెను. అచ్చటి నగర శివారులలో వీధులకు వీధులు అటువంటి యిండ్లే. ఆ దేశమున భూమి రిజిస్ట్రీ 1862 నుండి ఉన్నను, అది దేశమంతట నిర్బంధమైనది 1990 డిసెంబరు 1న. ఆ రిజిస్ట్రీ పటములోని గీతయు సుమారు హద్దునే చూపునుగాని, గోడ ఎవరిదో తేల్చదట. అందులకు వారి దస్తావేజు పటములలో పాత వాడుక యొకటి కలదు. గోడ గీతమీద టీ అను ఆంగ్లాక్షరము వేయుదురు. టీ కాలు గీతపై నిలిచి, తల ఎవరి వైపు పోవునో గోడ వారిది. ఇద్దరిదియు నైనచో ఇరువైపుల రెండు టీలు కాళ్ళు కలిపి నిలుచును, చూచుటకు హెచ్ వలె నుండును. పైగా 1996 నాటి ఉమ్మడి గోడల చట్టము ప్రకారము, గోడమీద చేయి వేయదలచినవాడు పొరుగువానికి రెండు నెలలు ముందుగా నోటీసు నీయవలెను. ఎంత చిన్న గుర్తు! మన చెక్కుబందిలో నాలుగు దిక్కులకు నాలుగు పేర్లు వ్రాయుచున్నాము. ఆ పేరునకును మనకును నడుమ నున్నదేమో, ఎవరిదో యొక్క మాట చేర్చినచో ఎంత సిరా పోవును?

ఆడబిడ్డలు వచ్చిన దినమున అందరమును ఆ పొడుగుపాటి అరుగుమీద కూర్చుంటిమి. నేనును కొంత చట్టము మాటలాడితిని. కొనువానికి మొదట కోపము వచ్చెను. "నేను సగం కొంటున్న, సగం గోడ నాకు రావాలె గద" అనెను. అతని మాటయు నన్యాయము కాదు. పదమూడంగుళముల నేల యిల్లంత పొడవున లెక్కించినచో చదరపు గజముల ధరకు తక్కువ సొమ్ము కాదు. చివరకు లేఖరియే త్రోవ చూపెను. విక్రయపత్రములో పడమటి హద్దు "ఉమ్మడి గోడ, దాని ఆవల పెద్దమ్మ యిల్లు" అని వ్రాయవచ్చును. కాని విక్రయపత్రము అమ్మువారికిని కొనువానికిని నడుమ మాట. పెద్దమ్మ అందులో లేదు. కావున మువ్వురును సంతకము చేయు ఒప్పందపత్రము వేరే వ్రాసి, దానినిగూడ రిజిస్టరు చేయింపవలెను. కొనువాడు తన స్తంభములు గోడకు ఈవలనే వేసికొనును. తూర్పు దూలములు తీసిన నాడే రంధ్రములు ఇటుకతో, సిమెంటుతో మూయించును. గోడ నెత్తిపై వాన పడకుండ రేకు కప్పించును. పడమటి యిల్లు ఉన్నంతకాలము గోడ తాకడు. ఆ యిల్లు దానంతట తీయబడిన నాడు నేల సగము సగము.

లేఖరి వ్రాసినది చదువుచుండగా పెద్దమ్మ ఆపెను.

"నా దీపం గూడు రాసినవా?"

గోడకు పడమటి ముఖమున, దేవుని యర్రలో, చమురు మసితో నల్లబడిన గూడొకటి యున్నది. గోడ లోపలికి జానెడు లోతు పోయినది. అందు మూడు తరముల కోడండ్రు దీపము పెట్టిరి. లేఖరి కలము పట్టుకొని కొనువాని వైపు చూచెను. కొనువాడు లోపలికి పోయి, వంగి గూటిలో చేయి పెట్టి లోతు చూచి వచ్చెను.

"రాయిరి సార్. జానెడే గద" అనెను.

లేఖరి కొలత అడిగెను. జానెడని వ్రాయరాదట, అంగుళములలో వ్రాయవలెనట. టేపు తెచ్చి కొలిచితిమి. తొమ్మిదంగుళములు.